రెండూ కుడి చేతులే

ఇవాళ హనుమకొండలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో అడుగుపెట్టగానే కొత్త లైనింగ్ గుడ్డల గంజి వాసన తగిలింది. వెంటనే అమ్మ కుట్టుమిషన్ కళ్లముందు కదిలింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా, కాలితో తొక్కే ఆ నల్ల మిషన్, డ్రాయర్ నిండా గుండీలు, విరిగిన చాక్‌పీసులు!

అమ్మ మా వాడకట్టు మొత్తానికీ జాకెట్లు కుట్టేది. నాకు పాత పేపర్ల మీద పని నేర్పింది. పేపరు మడిచి, కత్తిరించి, విప్పకుండానే నా ముందు పెట్టేది.

"ఇప్పితే ఎట్లుంటది బిడ్డా?"

తప్పు చెబితే విప్పి చూపించేది కాదు. "మడత లోపల ఉన్నది నీకు కనవడాలె. కనవడకుంటే గుడ్డ ముట్టకు" అనేది.

అలాంటి అమ్మ ఒకరోజు పక్కింటి లచ్చవ్వ పూల జాకెట్టుకు రెండు చేతులూ కుడివే కత్తిరించింది. వాటిని చాప మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వంగి మిషన్ కింద వెతికింది.

"ఎడమది ఏడ వోయిందే?"

లచ్చవ్వ పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

దవాఖానలో తలలో గడ్డ ఉందన్నారు. ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు అమ్మ మళ్లీ పేపరు మడిచి, కత్తిరించి, నా ముందు పెట్టింది.

"ఇప్పితే ఎట్లుంటది బిడ్డా?"

"రెండు చేతులమ్మా. ఒకటి కుడిది, ఒకటి ఎడమది" అన్నాను. సరిగ్గా చెప్పానా అని అమ్మ మొహంలోకి చూశాను.

అమ్మ ఆ మడత వైపే చూస్తోంది. ఆమె నన్ను పరీక్షించడం లేదు. తెలియక అడుగుతోంది.