చెరిపేసిన జవాబులు

నా చిన్నప్పుడు, నాకు తెలిసిన సంగతులను నా చేతనే చెరిపించి, దాన్ని ప్రకృతి పాఠం అన్నారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కోపం తగ్గలేదు.

అప్పుడు మేము పుదుచ్చేరిలో కోసపాళయంలో ఉండేవాళ్లం. నేను ఐదో తరగతి. మా అవ్వకు ఏ భాషలోనూ అక్షరం రాదు. వీరాంపట్టినం నుంచి చేపలమ్మే ఆమె వచ్చి గడప ముందు గంప దించగానే, అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. పీతను మా ఇంట్లో ఎండ్రకాయ అంటాం. దాన్ని వెల్లకిలా తిప్పి, కడుపు మీది మూత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది అని చూపించేది. మూత కింద గుడ్ల గుత్తి కనిపిస్తే మాత్రం కొనేది కాదు. "ఇది చూలాలు. తీసుకుపోయి సముద్రంలో విడువు" అనేది. "మీ మాట వింటే నా గంప కూడా సముద్రంలోనే పెద్దమ్మా" అని ఆమె ఎగతాళి చేసేది. అయినా విడిచేది.

ఆ ఏడు ఒక సంస్థవాళ్లు మా బడికి వచ్చి, సముద్రం గురించి నాలుగు వారాలు నేర్పుతామన్నారు. పాఠం మొదలవకముందే పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. చివర్లో మళ్లీ అదే కాగితం ఇస్తారట, పిల్లలు ఎంత నేర్చుకున్నారో తెలుస్తుందట. నేను ఏడింటికి పెన్సిల్‌తో జవాబులు రాశాను. మా మిస్ బెంచీల మధ్య తిరుగుతూ నా కాగితం చూసి, చేతిలో రబ్బరు పెట్టింది. ఇప్పుడే అన్నీ రాసేస్తే వాళ్లు నేర్పడానికి ఏం మిగులుతుంది, వచ్చే ఏడు మన బడికి వస్తారా, చెరిపెయ్ అంది. చెరిపేశాను.

చివరి కాగితంలో పదికి పది. సున్నా నుంచి పదికి ఎక్కినందుకు బ్యాడ్జి ఇచ్చారు. ఇంటికి పరుగెత్తి జరిగిందంతా గొప్పగా చెప్పాను. అవ్వ మురిసిపోలేదు. "ఏందే, తెలిసింది తెలీదని చెప్పి వచ్చినావా?" అంది.

ముగింపు రోజు అవ్వే నాతో బడికి వచ్చింది. గోడ మీద పెద్ద పటం: 'ముందు' అని పొట్టి గీత, 'తర్వాత' అని పొడుగు గీత. బల్ల మీద ప్లాస్టిక్ తొట్టిలో ప్రాణంతో ఒక పీత. పిల్లలు చూస్తారని పొద్దున్నే కొని తెచ్చారట. అవ్వ వంగి చూసి, నా జబ్బ పట్టి లాగి, "తిప్పి చూడు" అంది. తిప్పాను. మూత కింద నారింజ రంగు గుడ్లు. ఇది చూలాలు, పట్టకూడదు, సముద్రంలో విడవాలి అని గట్టిగా చెప్పాను.

కార్యక్రమం నడిపే అక్క చప్పట్లు కొట్టింది. నాలుగు వారాల్లో ఎంత మార్పో చూశారా అని అందరికీ చెప్పింది. తొట్టి పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీయించింది. పీత తొట్టిలోనే ఉంది. దాన్ని విడుద్దామని ఒక్కరూ అనలేదు.

అవ్వకు ఒళ్లు మండింది. కొంగు బొడ్లో దోపి తొట్టిని ఎత్తుకుంది. "పాటీ, పాటీ, అది ఎగ్జిబిషన్‌ది!" అంటూ అవ్వను తమిళంలో పిలుస్తూ ఆ అక్క వెంటపడింది. ఆ పిల్లకు అర్థమవుతుందో లేదో చూడకుండా అవ్వ తెలుగులోనే అంటించింది. "నీ గీతలు నువ్వు గోడకు తగిలించుకో తల్లీ. దీన్ని యాడ పెట్టాల్నో నాకు తెలుసు."

ఆటో ఎక్కి సోలై నగర్ దగ్గర సముద్రపు ఇసుక దాకా పోయాం. నీళ్లు తొణికి నా గౌను తడిసింది. వాళ్లను తిట్టడం అయ్యాక నా వంతు వచ్చింది. "చెరపమన్నది వాళ్లే. చెరిపిన చెయ్యి ఎవరిదే?" అంది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ అలల్లో తొట్టి వంచి, పీత కనుమరుగయ్యేదాకా నిలబడి, అప్పుడు నా కళ్లు తుడిచింది.

ఇప్పుడు మా పాప మూడో తరగతి. దాని బడిలోనూ అలాంటి పాఠాలే మొదలయ్యాయి. "మొదటి కాగితం ఖాళీగా ఇమ్మన్నారమ్మా" అని అది మామూలుగా చెబుతుంటే, బడికి వెళ్లి నిలదీయాలనిపించింది. మాట పెంచితే రేపటి నుంచి పాపను వేరుగా చూస్తారేమోనని భయం. భయపడుతూనే వెళ్లాను. టీచరు నవ్వి, "తేడా ఎక్కువ వస్తే పాపకే కదా మేడమ్ మంచి పేరు" అంది. నేర్పడం వల్ల పిల్లకు ఏం ఒరిగిందో తెలియాలంటే, పిల్లకు ముందే ఏం తెలుసో వినాలి కదా అన్నాను. నా గొంతు పెరిగింది. పక్క గది పిల్లలు తొంగి చూశారు. చివరికి ఆమె విసుగ్గా ఇంకో కాగితం తోసింది. పాప నా ఎదుటే ఆరింటికి జవాబులు రాసింది. అందులో రెండు తప్పులు. దిద్దాలని ప్రాణం కొట్టుకుంది కానీ ముట్టుకోలేదు.

ఇంటికి వస్తూ పాప అడిగింది, తను రాసినవాటిలో తప్పులుంటే వాళ్లు చెబుతారా అని. చెప్పాలి, వాళ్లు వచ్చిందే అందుకు అన్నాను. చెప్పకపోతే మళ్లీ వెళ్తాను. అవ్వ నుంచి నాకు దక్కిన కోపం ఇంకా చాలా మిగిలే ఉంది.