తువ్వాలు కింద కొన్న గడియారం

మొన్న శింగనమల నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు అనంతపురంలో మా ఇంటి దాకా నడిచి వచ్చి, గడప బయటే నిలబడి, "మీ మామ తెల్లారుజామున పోయినాడక్కా" అని చెప్పాడు. ఆ మాట వినగానే నా కుడిచేయి వెళ్ళి ఎడమ మణికట్టును పట్టుకుంది. మామ కొనిపెట్టిన గడియారం అక్కడుంది.

ఆయన మా అమ్మకు అన్న. ఎద్దుల సంతల్లో దళారి. ఆయన గురించి దిగులు గొంతుతో రాయడం నాకు చేతకాదు. ఆయన పక్కన కూర్చుంటే చాలు, ఇంకాసేపట్లో ఏదో తమాషా జరగబోతున్నట్లుండేది. సంతలో ఆయన్ని చూడాలి. అమ్మేవాడి చేయీ, కొనేవాడి తరఫున మామ చేయీ తువ్వాలు కిందికి వెళ్ళేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పైన మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నట్లుండేవారు. చేతులు వదిలారంటే బేరం కుదిరినట్లు. ఆ ధర గురించి ఇక బయట నోరు జారకూడదు. "తువ్వాలు కిందిది తువ్వాలు కిందే ఉండాల" అనేవాడు మామ.

ఈత రాని మామే నాకు ఈత నేర్పించాడు. వీపుకు బెండ్లు కట్టి, నడుముకు తాడు బిగించి, మా దిగుడు బావిలోకి తోసి, తాడు కొస పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. "నేను పట్టుకునుండానమ్మే, దిగు!" బెండ్లు విప్పేశాక కూడా ఆ ధైర్యంతోనే నేను అడుగు దాకా మునిగి, గుప్పిట్లో ఇసుక తెచ్చి చూపించేదాన్ని.

కాలేజీలో చదివేటప్పుడు ఒక పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాను. సముద్రం అడుగున ఒక మనిషి, చేతికి నల్లటి ముఖమున్న గడియారం, దాని చుట్టూ తిరిగే అంకెల ఉంగరం. ఆ బొమ్మ నా మనసులో పడిపోయింది. తరువాత విడపనకల్లులో టీచరు ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం గుంతకల్లు స్టేషన్ బయట పాత సామాన్లు అమ్మే వరుసలో నడుస్తున్నాను. తాళాలు, టార్చిలైట్లు, కళ్ళద్దాల మధ్య అచ్చం అదే గడియారం! బొంబాయి రేవులో పనిచేసి వచ్చినవాడెవడో అమ్ముకున్నాడని అంగడి సాయిబు చెప్పాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మరుసటి ఆదివారానికి మామను వెంటబెట్టుకుని వెళ్ళాను. దాచుకున్నదంతా ఆయన చేతిలో పోశాను.

మామ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు, తిప్పి చూశాడు, మూత మీద గోటితో కొట్టాడు.

"ఎద్దుకైతే పండ్లు చూస్తాం. దీని వయసు ఎట్ల తెలుస్తాది సాయిబూ?"

"అంకెల కాడ చుక్కలు చూడన్నా. తెల్లగుండేవి, పసుపు తిరిగినాయి. అసలీ మాల్."

"ముసలిదన్నమాట."

"ముసలిదే గాని నీళ్ళకు భయపడేది కాదు."

పక్కనున్న తాళాలాయన నవ్వి, "ఆడపిల్లకు ఈ బండ గడియారమేందప్పా?" అన్నాడు. మామ అతని వైపు తిరగనైనా తిరగకుండా, "చెయ్యి దానిది. బరువు నీకేమైనా తెలుస్తాందా?" అని, భుజం మీది తువ్వాలు తీసి సాయిబు ముందు పరిచాడు. సాయిబు కళ్ళు మెరిశాయి. ఆయనా సంతలు తిరిగినవాడే అయ్యుండాలి. రెండు చేతులూ కిందికి వెళ్ళాయి. తువ్వాలు కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. చివరికి చేతులు విడిపోయాయి.

అంతటితో మామ వదల్లేదు. "ఎద్దుకు వారం గడువిస్తాం. అరక కట్టి చూస్తాం. దున్నకపోతే తోలుకొస్తాం. దీనికీ అంతే."

"సరేనన్నా. లోపల ఒక్క నీటిబొట్టు కనపడినా వాపసు తీసుకుంటా. వచ్చే ఆదివారం దాటితే మాత్రం నాకు సంబంధం ల్యా."

అప్పుడు తెలిసింది మాకు అసలు చిక్కు. గడియారాన్ని ముంచి చూడడానికి లోతు నీళ్ళెక్కడున్నాయి? వరసగా వానల్లేని కాలమది. శింగనమల చెరువు బీటలు తీసి ఉంది. నేను ఈత నేర్చుకున్న బావిలో కప్పలకే నీళ్ళు చాలడం లేదు. నేను బడికి వెళ్ళిపోతే, మామ ఆ వారమంతా కనపడిన వాళ్ళనల్లా "నిండా మునిగే నీళ్ళు యాడన్నా ఉండాయాప్పా?" అని అడుగుతూ తిరిగాడు. ఎవరో పెద్దాయన ఆయన్ని పక్కకు తీసుకుపోయి, "ఏం కష్టమొచ్చిందప్పా నీకు? పెండ్లాం బిడ్డల్ని తలుచుకో" అని బుద్ధి చెప్పి, కాఫీ తాగించి పంపాడట. ఆ సంగతి చెప్పి చెప్పి మా అత్త ఇప్పటికీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతుంది.

చివరికి గార్లదిన్నె దగ్గర కాలువ ఊటతో నిండుగా ఉన్న బావి ఒకటుందని తెలిసింది. శనివారం సాయంత్రానికి నేను మామ ఊరు చేరాను. మామ మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"సచ్చిపోయిందమ్మే" అన్నాడు.

గడియారం ఆగిపోయింది. ఏమయిందంటే, కొత్త ఎద్దును ఇంటికి తేగానే పనికి కట్టకూడదు, నాలుగు దినాలు సేదతీరనివ్వాలి. అది ఆయన పద్ధతి. గడియారానికీ అదే మర్యాద చేశాడు! దూదిలో చుట్టి, కొత్త కుండలో పెట్టి, మూత వేసి, చుట్టుపక్కల ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దగ్గరికి వచ్చిన గడియారం మళ్ళీ ఆ తాళాల పక్కకే పోతుందన్నమాట.

ఆదివారం పొద్దున్నే వాపసు ఇవ్వడానికి బయల్దేరాం. పోయే ముందు ఒక్కసారైనా పెట్టుకుందామని చేతికి కట్టుకున్నాను. మన బస్సులూ మన రోడ్లూ తెలిసినవేగా, సీటు మీద కంటే గాల్లోనే ఎక్కువ కూర్చున్నాం. అనంతపురం దాటాక కిందికి చూద్దును కదా, సెకన్ల ముల్లు తిరుగుతోంది!

"మామా! నడుస్తాండాది!"

మామ నా చేయి లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. బస్సంతా మావైపే చూస్తోంది. "ఓరి నీ పాసుగూలా! పని చెప్తే గాని నడవదా నువ్వు!" అని గడియారాన్నే తిట్టి, గార్లదిన్నెలో నన్ను దింపేశాడు. చేయి ఆడుతుంటే దానంతట అదే కీ తిరిగే రకమని తరువాత సాయిబు చెప్పాకే తెలిసింది.

బావి రైతు మమ్మల్ని కింద నుంచి పైదాకా చూశాడు. "గడియారానికి నీళ్ళు తాపేకి వచ్చినారా?"

"తాపేకి కాదన్నా. తాగకుండా ఉంటాదా అని చూసేకి" అన్నాడు మామ, ఆయన బావి తాడే తీసుకుని నా నడుముకు బిగిస్తూ.

చీర కొంగు దోపుకుని దూకాను. ఎన్నేళ్ళయిందో అంత నీళ్ళు చూసి! పచ్చటి చీకట్లోకి దిగుతూ పోయాను. చెవులు నొప్పి పుట్టాయి. కళ్ళు తెరిచి చూస్తే ఆ నల్లటి ముఖం మీద ముల్లు నింపాదిగా తిరుగుతోంది. పత్రికలో ఆ మనిషికి సముద్రముంటే ఉండనీ, నాకు గార్లదిన్నె బావి ఉంది అనుకున్నాను. అడుగు ఇసుక గుప్పిట పట్టుకుని పైకి తేలాను.

మామ ముందు నన్ను చూడలేదు, అద్దాన్ని చూశాడు. తువ్వాలుతో తుడిచి, ఎండకు పట్టి, మళ్ళీ చూశాడు. "బొట్టు ల్యా! ఒక్క బొట్టు గూడా ల్యా!" అని బావి గట్టు చుట్టూ తిరిగాడు. నేను గుప్పిట విప్పి ఇసుక చూపించాను. అప్పుడు నవ్వి నా తల తుడిచాడు. వాపసు ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

ఆ తరువాత ఎన్నిసార్లు అడిగానో, ఎంతకు కొన్నావని. నా డబ్బులు చాలలేదని నాకు తెలుసు. ఆయన చేతికి ఎప్పుడూ ఉండే వెండి కడియం ఆ ఏటి నుంచి కనిపించలేదు. "బిగుతైందిలేమ్మే" అన్నాడు. నేను నమ్మలేదు, నమ్మలేదని చెప్పనూ లేదు.

పోయిన నెల చూడడానికి వెళితే మామకు మాట పడిపోయి ఉంది. అత్త మంచం పక్కనే కూర్చుంది. నేను ఆయన భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. గడియారమున్న చేయే ఇచ్చాను. "ఇప్పుడన్నా చెప్పు మామా, ఎంతకు కొన్నావు?"

కళ్ళలో పాత తమాషా మెరిసింది. తువ్వాలు కింద వేళ్ళు మెల్లగా కదిలాయి. ఒకటి పట్టుకున్నాడు, రెండు పట్టుకున్నాడు, ఆ తరువాత నా చేయంతా తన గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"ఎంతంటాడే?" అని అత్త అడిగింది.

"చెప్పకూడదత్తా" అన్నాను.

బేరం కుదిరితే చేయి వదలాలి. మామ వదల్లేదు, నేనూ వదల్లేదు. అత్త దీపం పెట్టి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. తువ్వాలు కింద ఆయన బోసి మణికట్టుకు ఆనుకుని గడియారం నడుస్తూనే ఉంది.