మా ఇంటిపేరు సవర

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారు సాక్ష్యం ఐదు నిమిషాల్లో ముగించమన్నారు గానీ, పదకొండేళ్లు నోరు నొక్కుకుని కూర్చున్నదాన్ని ఐదు నిమిషాల్లో ఎలా ముగిస్తానండీ! కాస్త ఓర్చుకోండి.

సహోదరులారా, సహోదరీలారా, నా కూతురు కృపని మీరంతా ఎరుగుదురు, పాటలప్పుడు ముందు వరసలో నిలబడే బక్కపిల్ల, పన్నెండేళ్లది. ఆ పిల్లకి నాలుగో ఏట మొదలైంది నొప్పి. చేతులు, కాళ్లు, నడుము, ఎక్కడ పట్టుకుంటే అక్కడ గిలగిల్లాడిపోయేది, కళ్లు పచ్చబడేవి, రెండు మూడు రోజులకి తగ్గేది, మళ్లీ నెలకో రెండు నెలలకో తిరగబెట్టేది. ఇక్కడ సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్ల దగ్గర డాక్టరు ఎదిగే పిల్లల నొప్పులన్నాడు, రక్తం తక్కువన్నాడు, టానిక్కు రాశాడు. బడిలో టీచర్లయితే పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకాలన్నారు. నాటకాలా! నొప్పికి తలగడ కొరుక్కునే పిల్లండీ అది.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. మేము సవరలం. సీతంపేట కొండల్లో ఓ చిన్న గూడ మాది. మా ఆయనకి రైల్వేలో ట్రాక్ పని దొరికి, చంకలో పసిపిల్లతో ఈ ఊరొచ్చిన కొత్తలో, ఈ మందిరం గుమ్మంలోనే ఒకావిడ, ఇప్పుడు లేరు, పేరెత్తను, ఎవరో కొండామెని చూసి, "ఏటే, కొండోళ్లు కూడా మన బెంచీల మీద కూకుంటన్నారేటి?" అంది. నేను విన్నాను. ఆ రోజు నుంచి మాది కొండ కింది పాలకొండ టౌను అయిపోయింది! ఇంటిపేరు అడిగితే 'ఎస్' అని ఊరుకునేదాన్ని, పిల్లని బడిలో ఎస్. కృప అనే చేర్పించాను. ఓ క్రిస్మస్‌కి మా అమ్మ వచ్చింది, నుదుటి మీద పచ్చబొట్టు గీత, సాగిపోయిన చెవితమ్మెలు, దాచితే దాగేవి కావు. పక్కింటామె ఎవరని అడిగితే మా ఊరి మనిషన్నాను, మా అమ్మ అనలేదు. అమ్మ పక్కనే ఉంది.

పోయిన వేసవిలో పిల్ల నొప్పి మరీ ఎక్కువైంది. నా విశ్వాసం చాలకే ఇలా అవుతోందని, పిల్లా నేనూ మూడు రోజులు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఉపవాసముండాలని తీర్మానించుకున్నాను. అయ్యగారు, ఇదిగో ఇక్కడే ఉన్నారు, "పిల్లకొద్దమ్మా, దాన్ని నీళ్లు తాగనియ్యి" అన్నారు, నేను వింటేగా! మే నెల ఉక్కలో పిల్ల నోరెండిపోయి నీళ్లడిగితే, ప్రభువు కోసం ఓర్చుకో తల్లీ అన్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి ఒళ్లంతా నొప్పులు, గుండెల్లో నొప్పి, ఊపిరాడలేదు. నది దాటించి కలకత్తాలో పెద్దాసుపత్రికి పట్టుకెళ్లాం.

అక్కడ ఒక బెంగాలీ డాక్టరమ్మ చీటీ మీద ఎస్. కృప అని చూసి, "దిది, తొమార్ దేశ్ కొథాయ్?" అని అడిగారు, అక్కా మీ సొంతూరేదని. పాలకొండ అన్నాను. కొండమీది మనుషులా, ఆదివాసీలా అన్నారు. కాదన్నాను! ఎందుకంటే మంచం చుట్టూ మన సంఘం అక్కలు నిలబడి ప్రార్థన చేస్తున్నారు, వాళ్ల ముందు ఆ మాట నా నోటెంట రాలేదు. బిడ్డ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను నా పరువు చూసుకున్నానండీ.

డాక్టరమ్మ బయటికి వెళ్లిపోయారు. నేను గోడవైపు తిరిగి, "ప్రభువా, నా బిడ్డని బతికించు, నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను" అని ఏడ్చాను. ఏ స్వరమూ వినబడలేదు, లేనిది చెప్పను. కానీ ఒకటే తలంపు: ఆవిడ అడిగింది కదా, నిజం చెప్పు. అంతే, వరండాలోకి పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుని, అక్కలంతా వింటుండగానే, "డాక్టర్ దిది, ఎస్ అంటే సవర! మేము కొండోళ్లం, ఆదివాసీలం!" అని అరిచేశాను.

ఆవిడ తిట్టలేదు, వెంటనే వేరే రక్తపరీక్షకి పంపారు. సికిల్ సెల్ అని తేలింది. రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోయి నరాల్లో అడ్డం పడతాయట, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తుందట, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా ముదురుతుందట. నేనేమో నీళ్లే మాన్పించాను! ఎవరికైనా రావచ్చు గానీ ఒడిశా, ఝార్ఖండ్ ఆదివాసీ పిల్లల్లో చాలా చూస్తున్నామని, చాలామంది ఆలస్యంగా వస్తారని ఆవిడ చెప్పారు. రక్తం ఎక్కించారు, మందులు మొదలుపెట్టారు, నా కృప బతికింది. దేవునికే మహిమ!

కృప స్వస్థత పొందిందా అని అడుగుతున్నారు. లేదు. జబ్బు ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది, పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే, నొప్పులు మాత్రం బాగా తగ్గాయి. మాత్రలు వెయ్యడం అవిశ్వాసమని ఒకరు నా చెవిలో చెప్పారు. వేస్తాను! స్తోత్రం చెప్పి మరీ వేస్తాను, ఎవరేమనుకున్నా సరే! విడుదల వచ్చింది నాకు, సిగ్గులోంచి.

మా గూడలో నా చిన్నప్పుడు ఇలాగే కాళ్లు పట్టుకుని ఏడ్చి ఏడ్చి మా చెల్లి పోయింది, దెయ్యమన్నారు. అందుకే ఈ వేసవిలో వెళ్లి ఇంటింటి పిల్లల్నీ కొండ దింపి పరీక్షకి తీసుకెళ్లాం, కొందరికి ఉందని తేలింది, వాళ్లకీ మందు మొదలైంది. అమ్మకి అంతా చెప్పి క్షమించమని ఏడ్చాను. అమ్మ ముందు అంబలి తాగమంది.

సహోదరులారా, ఏ దేశంలోనైనా కొండల మనుషులు, అడవి మనుషులు ఆసుపత్రి వరసలో నిలబడి తామెవరో చెప్పుకోడానికి భయపడుతున్నారంటే, ఆ సిగ్గు వాళ్లది కాదు, వాళ్లని సిగ్గుపడేలా చేసినవాళ్లది. మీలో కూడా ఏదో ఒకటి దాచుకుని, నాలాగే పిల్లల ప్రాణం మీదికి తెస్తున్నవాళ్లు ఉండొచ్చు. రండి, ప్రభువు దగ్గర చెప్పండి, డాక్టరు దగ్గరా చెప్పండి. ప్రభువు మిమ్మల్ని గెంటెయ్యడు, నన్ను గెంటెయ్యలేదు.

అయ్యగారూ, ముగింపు ప్రార్థన నేనే చేస్తాను. సవర మాటల్లో చేస్తాను, ఈ మందిరంలో ఇదే మొదటిసారి. మీకు ఒక్క ముక్క అర్థం కాదు, ఆయనకి అర్థమవుతుంది. మీరు కళ్లు మూసుకుని, గట్టిగా ఆమేన్ అనండి.