ఉస్తాద్ నలగ్గొట్టిన క్లిప్పు

మొన్న మంగళవారం మా ఉస్తాద్ గుండె ఆగి పోయారు. ఆయన్ని క్షమించమని అడగాల్సిన పని నాకు అలాగే మిగిలిపోయింది.

ఉట్నూర్ జీపుల మీద నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. నేర్పడమంటే కొట్టడమే. గేరు కీచుమంటే నా వీపు విమానం మోత మోగేది. "నేను కొడితె నొప్పే. రేపు రోడ్డు కొడితె ఏం మిగుల్తవురా?" అనేవారు.

అంతటి మనిషికీ సీటు బెల్టంటే గిట్టేది కాదు. చేతగానివాడికే బెల్టని మా టాక్సీ అడ్డా డ్రైవర్ల నమ్మకం. బెల్టు పెట్టుకోకపోతే కొత్త కార్లు ఒకటే మోత కదా. ఆ నోరు మూయించడానికి కరీంనగర్‌లో ఉత్త క్లిప్పులు దొరుకుతాయి. బెల్టు దూర్చే చోట ఒకటి గుచ్చితే కారు నమ్మేస్తుంది. నాకు మొదటి క్లిప్పు కొనిచ్చింది కూడా ఉస్తాదే.

తర్వాత బాసర దారిలో ఆయన కారుకు బర్రె అడ్డం వచ్చింది. అద్దం పగలగొట్టుకుని బానెట్ మీద పడ్డారు. పెదవి చీలింది, పళ్లు రాలాయి, ఒక కన్ను పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే చక్రాల బోల్టులు విప్పే వీల్‌పానా పట్టుకుని అడ్డాకు వచ్చారు. కారు కారుకూ క్లిప్పు పీకి, రోడ్డు మీద పెట్టి నలగ్గొట్టారు. నాది కూడా నలిగింది. ఒంటికన్ను మనిషివి నాకు చెప్పొచ్చావా అన్నాను. ప్యాసింజర్ల ముందే నా చెంప పగిలింది. నేనూ ఊరుకోలేదు, కాలరు పట్టి తోసేశాను. ఆయన వెల్లకిలా పడ్డారు.

"నువ్వు సచ్చినంక మీ అవ్వకు నేనేం జెప్పాల్రా?" అన్నారు, పడిన చోటి నుంచే.

ఏడాది మాట్లాడలేదు. కానీ ఇంకో క్లిప్పు కొనడానికి సిగ్గేసి, తిట్టుకుంటూనే బెల్టు పెట్టుకున్నాను.

పది రోజుల కింద గ్రానైట్ లారీ నా కారును గుద్దింది. ముందు భాగమంతా నుజ్జయింది. స్టీరింగ్ నా రొమ్ముకు జానెడు దూరంలో ఆగింది. వెళ్లి ఉస్తాద్ కాళ్ల మీద పడాలనుకున్నాను. ఒళ్లు నొప్పులు తగ్గనీ అని వాయిదా వేశాను. అదీ నా బుద్ధి.

పాడె మోయడానికి అంగీ విప్పాను. కుడి భుజం నుంచి ఎడమ నడుం దాకా బెల్టు కోసిన నల్లటి వాత ఉంది. డ్రైవర్లంతా చూసి తల దించుకున్నారు. ఉస్తాద్ భార్యను మేమంతా చిన్నమ్మ అంటాం. ఆమె లేచి వచ్చి ఆ వాత మీద అరచేయి పెట్టింది.

"నిన్ను కొట్టిన దినం ఆయన బువ్వ ముట్టలే, కొడుకా" అన్నది.

చేయి తీయలేదు. పాడె ఎత్తడానికి అందరూ మా ఇద్దరి కోసం ఆగారు.