ఎద్దును చంపింది దావీదు తాత సూది కాదు

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే ఫోన్. దావీదు తాత లేడట.

తొంభై ఆరేళ్ల మనిషి పోతే షాక్ ఏంటి అంటారేమో. నాకైతే షాకే. ఆయన బతికుండగా ఊరి ముందు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

టౌన్లో, సుబేదారిలో ఉన్న వాళ్లింటికి పరిగెత్తాను. లోపల శవపెట్టె చుట్టూ ప్రార్థన జరుగుతోంది. బయట కుర్చీలో మా ఊరి పెద్దమనిషి ఒకాయన చాయ్ తాగుతూ అన్నాడు:

"సూది దావీదు పోయిండా? మీ తాత ఎద్దును సంపింది ఈయననే గదా బిడ్డా!"

నవ్వాడు కూడా.

నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ కోపం ఇంకా దిగలేదు. ఆయన మీద సగం, నా మీద సగం.

అందుకే ఈ పోస్ట్. మా ఊరి గ్రూప్‌లో కూడా పెడుతున్నా.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు సంగతి ఇది. దావీదు తాత అప్పుడు గొడ్ల దవాఖానలో కంపౌండర్. ఇరవై దాటి ఉంటాయంతే.

ఏటూరునాగారం తోవలో మా ఊరు. మా తాత మల్లయ్య ఎద్దుకు న్యుమోనియా. మెడ చాచి, ముక్కు కారుతూ ఎగపోస్తోంది. అప్పట్లో దానికి వైద్యం అంటే పక్కల మీద వాతలు, వెదురు గొట్టంతో నోట్లో నూనె.

దావీదు తాత పెన్సిలిన్ తెచ్చాడు. మనుషులకే సరిగ్గా దొరకని రోజులు! కాజీపేటలో రైలు దిగిన మందు, ఎండకు చెడకుండా సీసాలకు తడిగుడ్డ చుట్టి సైకిల్ మీద తెచ్చాడు. మా వంటింట్లోనే సూది మరగబెట్టి ఎద్దు మెడకు పొడిచాడు.

"మూడు దినాలు పొడుస్త మామా. గప్పటిదాక నోట్లె ఏం పొయ్యకుండ్రి. గొట్టం అస్సలే ముట్టకుండ్రి."

రెండో సూదికి ఎద్దు లేచి గడ్డి కొరికింది.

మా తాత సంతోషం పట్టలేకపోయాడు. జర బలం వస్తుందని, దాని మూతి పైకెత్తి గొట్టంతో నువ్వుల నూనె పోశాడు.

దగ్గుతున్న గొడ్డు అది. నూనె కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడో సూది పట్టుకుని దావీదు తాత వచ్చేసరికి ఎద్దు లేదు.

"సూది పొడిసి సంపినవ్" అని ఊరంతా మీద పడ్డారు. కాలర్ పట్టుకున్నారు.

దావీదు తాత చూరులో దోపిన గొట్టాన్ని చూశాడు. ఇంకా నూనె కారుతోంది. మా తాత వైపు చూశాడు. మా తాత తల దించుకున్నాడు.

ఇద్దరూ ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి ఆయన సూది దావీదు. చాలా ఏళ్లు మా ఊళ్లో ఒక్కరూ ఇంజెక్షన్ వేయనివ్వలేదు. దగ్గిన గొడ్డుకల్లా వాతలే. ఎన్ని చచ్చాయో!

ఇదంతా మా తాతే మంచాన పడ్డాక ఏడుస్తూ నాకు చెప్పాడు. నేను నాన్నకు చెప్తే "ఇంటి ఇజ్జత్ తియ్యకు" అన్నాడు. సరేనని ఊరుకున్నా. క్లాసులో మాత్రం పిల్లలకు నిజం చెప్పమని రోజూ నీతులు! సిగ్గుండాలి నాకు.

ఒక్కసారి దావీదు తాతనే అడిగాను, గొట్టం చూసి కూడా ఎందుకు చెప్పలేదని.

"ఎద్దు పోయి ఏడుస్తున్నోణ్ని ఇంకేమంటం బిడ్డా?"

ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే. ఒక్క మాట అని ఉంటే నీ పేరు నిలబడేది కదా తాతా! మా గొడ్లూ బతికేవి.

ఊరివాళ్లందరూ వినండి. నేను మల్లయ్య మనుమరాలిని. సూది చంపలేదు. మా ఇంటి గొట్టం చంపింది. కింద దండం ఎమోజీ పెట్టే ముందు, ఆయన్ని ఒక్కసారి కంపౌండర్ దావీదు అని రాయండి.

పోయిరా తాతా. ఆలస్యం చేశాను, మన్నించు. ఎవరి నింద మోయకుండా, ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు.