అక్క నాలుగు ముఖాలు

తను వేసిన బొమ్మలు హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌కు పెట్టారని, నేనూ వాళ్లమ్మా తప్పకుండా రావాలని మా మేనకోడలు ఫోన్ చేసింది. దాన్ని పాప్ ఆర్ట్ అంటారట. నేను దేవరుప్పుల నుంచి బస్సులో జనగామ చేరేసరికి, అక్క తన కుట్టుషాపు షట్టర్ దించి పట్టుచీరలో తయారుగా ఉంది.

"పాపాటనా? చిన్నపిల్లల ఆట సూడనీకి గంత దూరం పోవాల్నారా?"

"పాపాట కాదక్కా, పాప్ ఆర్ట్. మనం దినాం వాడే సామాన్లనే పెద్దగ, మెరిసే రంగులల్ల ఏస్తరట."

"గవి ఇంట్లనే ఉన్నయి గదా!" అంటూనే రైలెక్కింది.

గ్యాలరీలో అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. అక్కకు గుసగుసలు రావు. ఏళ్లుగా కుట్టుమిషన్ చప్పుడును మించి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఆ స్థాయిలోనే ఉండిపోయింది. తలుపంత ఎత్తున వేసిన పోపుల డబ్బా బొమ్మ ముందు ఆగి, "గీ డబ్బ ఉంటే ఊరందరి పప్పుకు పోపు ఎయ్యొచ్చు" అంది. హాలంతా వెనక్కి తిరిగి నవ్వింది.

మేనకోడలు మా చేతులు పట్టుకుని పక్కగదిలోకి లాక్కెళ్లింది. గోడ మీద వరసగా నాలుగు బొమ్మలు. నాలుగూ అక్కే! నీలం ముఖం, ఆకుపచ్చ ముఖం, నారింజ ముఖం, గులాబీ ముఖం. అన్నింట్లోనూ కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి ఉంది. నోటి దగ్గర తెల్లటి బుడగ, అందులో లావుపాటి అక్షరాలు: "తిన్నవా?"

అక్క దగ్గరికెళ్లి నాలుగింటినీ ఒక్కొక్కటిగా చూసింది. పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది.

"వీడియో కాల్ల నేను గిట్లనే కనబడ్తనా?" అని చివరికి అడిగింది అక్క.

"గిట్లనేనమ్మా."

"మరి నీలం రంగేందే, పాము కరిసినట్టు? గులాబిదే జర నయం."

ఆ గులాబీ ముఖమే నచ్చిందంటూ ఒక జంట నిర్వాహకుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. కొంటారట. మేనకోడలి బొమ్మ అమ్ముడుపోవడం అదే మొదటిసారి. ఆనందంతో ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏందీ, నా మొఖం కొంటరా?" అక్క అడ్డం నిలబడింది. "ఎరుక లేనోళ్ల ఇంట్ల గోడకు నేనెందుకుంట? ఇయ్యను."

పిల్ల ముఖం వాడిపోయింది. నేను అక్క మోచేతిని గిల్లాను. ఆ జంటలోని భార్య అక్కనూ బొమ్మనూ మార్చి మార్చి చూసి, "అమ్మో, మీరేనా! మా ఇంట్లో భోజనాల బల్ల ఎదురుగా పెట్టుకుంటామండీ. మా పిల్లలిద్దరూ అన్నం ముందు కూర్చోబెడితే ఏడుస్తారు. కనీసం మిమ్మల్ని చూసైనా తింటారు" అంది.

అక్క మెత్తబడింది. కానీ కూతురి మొదటి బేరానికి షరతులు పెట్టకుండా వదల్లేదు.

"దండ మాత్రం ఎయ్యొద్దు. బొట్టు పెట్టొద్దు. అగర్‌బత్తి ముట్టియ్యొద్దు. నేనింక బతికే ఉన్న."

కొనే ఆవిడ నవ్వాపుకుంటూ ఒట్టేసింది. అంతలో నిర్వాహకుడు, అమ్ముడుపోయిందనే గుర్తుగా, బొమ్మ పక్కన గుండ్రటి ఎర్ర స్టిక్కర్ అంటించాడు.

"ఇప్పుడే జెప్పిన గదనే, అప్పుడే బొట్టు పెట్టిండ్రు!"

ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది మేనకోడలే. నవ్వుతూనే వాళ్లమ్మను చుట్టేసి ఏడ్చింది. తర్వాత అక్క, ఆ కొన్నావిడ బల్ల మీద కూర్చుని, పిల్లలకు పెసరపప్పు కిచిడీ ఎంత జారుగా చేయాలో చాలాసేపు మాట్లాడుకున్నారు.

తిరుగు రైల్లో ఎదురుగా కూర్చున్న ఒక అవ్వ, ఎక్కడికి పోయొస్తున్నారని అడిగింది.

"మా బిడ్డ బొమ్మలేసిందవ్వా. సూసొస్తున్నం."

"ఏం బొమ్మలు బిడ్డా, దేవుళ్లయా?"

అక్క కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"కాదవ్వా, నాయే. ఒకటి అమ్ముడుపోయింది గూడ."