మల్లప్ప చేయని ప్రమాణం

కురబలకోట మల్లప్ప మదనపల్లె టమాటా మండీలో హమాలీగా చేరేనాటికి యజమాని కొడుకు కిషోర్ పలక పట్టుకున్న పిల్లవాడు. తండ్రి పోయాక ఇప్పుడా మండీ అతనిదే. మల్లప్పకేమో అరవై దాటాయి.

పోయిన వేసవిలో లారీకి ఎత్తుతున్న క్రేట్ల వరస కూలి మల్లప్ప మోకాలి మీద పడింది. కిషోర్ తన కారులోనే పుంగనూరు వైపు ఎముకలకు కట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోయాడు. దారిలో మెల్లగా అన్నాడు: "మండీలో అయిందంటే లేబర్ ఆఫీసర్లొస్తారు మల్లప్పా. ఇంటికాడ జారి పడినానని సెప్పు. నీ పనికి నేనుండాను."

యజమాని కారులో కాలు చాపుకుని కూర్చోవడమే మల్లప్పకు గొప్ప మర్యాద అనిపించింది. కట్టు కట్టినాయనకీ, పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పాడు.

"మనింట్లో జారేదానికి నీళ్లు యాడుండాయి?" అంది భార్య చిన్నమ్మ. నోరు మూసుకోమన్నాడు.

కట్టు విప్పాక కాలు వంగలేదు. మండీకి పోతే అతని చోట కుర్రవాడొకడు మోస్తున్నాడు. ఊడుస్తానన్నాడు, గేటు దగ్గర కూర్చుంటానన్నాడు. వయసైపోయిందనీ, ఇంటి దగ్గర పడినవాడికి మండీ ఏం చేస్తుందనీ కిషోర్ తల తిప్పుకున్నాడు. ఆ మాట నీదే కదా అని అడగకుండానే మల్లప్ప కుంటుకుంటూ ఇంటికి తిరిగాడు.

ఇంట్లో పొయ్యి ఒక్క పూటే వెలగసాగింది. చివరికి తోటి హమాలీ సుబ్రహ్మణ్యం నలుగురు పెద్ద రైతుల్ని కూడగట్టి, వేలంపాట అయ్యాక మల్లప్పను వెంటబెట్టుకుపోయి, అతనికి మళ్లీ పని ఇమ్మని కిషోర్‌ను అడిగించాడు. కిషోర్ కోప్పడలేదు.

"ఇంటికాడ పడినానని ఎవురితోనూ అనలేదని కాణిపాకంలో ప్రమాణం చేయమనండి. రేపే పనిలో పెట్టుకుంటా."

రైతులు తలలూపారు. అబద్ధపు ప్రమాణం చేస్తే అక్కడి వినాయకుడు వదలడని నమ్మే ఈ సీమలో కాణిపాకం మాట వచ్చాక ఇంకో మాట ఉండదు.

"చేసెయ్యన్నా. నిజమేందో అందరికీ తెలుసు," అని సుబ్రహ్మణ్యం మల్లప్ప చెవిలో గొణిగాడు.

మల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "అన్నాను కదప్పా. అనలేదని దేవుని ముందర ఎట్ల సెప్పేది?" తర్వాత కిషోర్ వైపు తిరిగాడు. "అట్ల సెప్పమనింది నువ్వు. సెప్పమనలేదని నువ్వు చెయ్యి సామీ ప్రమాణం."

"పని అడిగేది నువ్వు మల్లప్పా. నేను కాదు."

ఎవరో నవ్వారు. ఇంకో లారీ వచ్చింది, రైతులు అటు కదిలారు.

జరిగింది విని చిన్నమ్మ తిట్టలేదు. మర్నాడు ఎవరో చెప్పారని ఇద్దరూ కుప్పం బస్సెక్కారు. అక్కడ రాళ్ల ఫ్యాక్టరీకి వాచ్‌మన్ కావాలట. మేనేజరు మల్లప్పను గోడ చుట్టూ ఒకసారి నడిచి రమ్మన్నాడు. చెప్పులు విప్పి చిన్నమ్మ చేతికిచ్చి, నొప్పి మొహంలో కనపడకుండా నడవడం మొదలుపెట్టాడు. అతను మొదటి మలుపు తిరగగానే మేనేజరు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు. ఆ సంగతి గోడ అవతలున్న మల్లప్పకు తెలియదు. చిన్నమ్మ అతన్ని వెనక్కి పిలవకుండా, చెప్పులు పట్టుకుని గోడ రెండో చివర వైపు చూస్తూ నిలబడింది.